499 రూపాయల గోల్స్ డైరీ: ఏడాదంతా కండక్టర్ బ్యాగులో మోసిన తర్వాత

ఇలాంటి డైరీల మీద రివ్యూలన్నీ కొన్న వారానికో నెలకో రాసినవే కనపడతాయి. నేనూ వాటినే చదివి కొన్నాను. జనవరిలో ఏ డైరీ అయినా బాగానే ఉంటుంది. దాని సంగతి తేలేది ఆగస్టులో. అందుకని 2025 మొత్తం వాడి, డిసెంబరు ఆఖరి పేజీ కూడా నింపి, ఇప్పుడు 2026 జనవరిలో రాస్తున్నాను.

నేను ఆర్టీసీలో కండక్టర్‌ని. పదహారేళ్ల సర్వీసు. హనుమకొండ నుంచి పరకాల, ములుగు, నర్సంపేట వైపు తిరిగే పల్లె వెలుగు బస్సులే నాకు ఎక్కువ. ఒక వారం పొద్దటి డ్యూటీ పడితే మూడున్నరకు లేవాలి. ఇంకో వారం మధ్యాహ్నం డ్యూటీ పడితే ఇంటికి వచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. ఈ డైరీ నాలాంటి వాళ్లకు పనికొస్తుందా అన్నదే నేను చెప్పదలచుకున్నది. ఆఫీసు పని చేసేవాళ్ల లెక్క వేరు.

2024 డిసెంబరు చివరి వారంలో హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక పుస్తకాల షాపులో కొన్నాను. అచ్చు తెలుగులో ఉంది, అందుకే చేతిలోకి తీసుకున్నాను. ధర 499, బేరం లేదు. కంపెనీ పేరు రాయడం లేదు. ఆ షాపులోనే మూడు నాలుగు కంపెనీలవి తిరగేశాను, లోపలి పేజీలు దాదాపు ఒకేలా ఉన్నాయి. నేను చెప్పేది ఏది కొన్నవాళ్లకైనా పనికొస్తుంది.

మొదటి పన్నెండు పేజీలు కల గురించి. పదేళ్ల తర్వాత మీరు ఎక్కడ ఉంటారు, మీ కలల ఇల్లు బొమ్మ అతికించండి, పది లక్ష్యాలు రాయండి. నేను శ్రద్ధగా కూర్చుని పదీ రాశాను. ఇంగ్లిష్ మాట్లాడాలి, టీ మానేయాలి, రోజూ పుస్తకం చదవాలి, అన్నీ. డిసెంబరు 31 రాత్రి మా బిడ్డ ఆ పేజీ చూసి అడిగింది: "అమ్మా, వీట్ల ఏది కాకపోతే నీకు నిద్ర పట్టదు?" ఆ ప్రశ్న డైరీలో ఎక్కడా లేదు. నిజానికి మొదటి పేజీలో అచ్చు వేయాల్సింది అదే. ఆలోచిస్తే మూడు మిగిలాయి.

ఒకటి, షుగర్. డిసెంబరులో హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయిస్తే 6.3 వచ్చింది. ఆ పరీక్ష మూడు నెలల సగటు చెబుతుంది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ గడప దగ్గర నిలబడ్డట్టు, 6.5 వస్తే లోపలికి వెళ్లినట్టు. డాక్టరు వారానికి 150 నిమిషాలు నడవమన్నారు. మా అమ్మ కాలి వేలు షుగర్ వల్లనే తీసేశారు. నాకు ఆ నంబరు అంటే భయం.

రెండు, గొలుసు. అమ్మ పెట్టిన రెండున్నర తులాల గొలుసు. 2024 జూన్‌లో బిడ్డ బీటెక్ ఫీజుకు బ్యాంకులో పెట్టి లక్ష తెచ్చాం. వడ్డీ నూటికి నెలకు డెబ్బై అయిదు పైసలు.

మూడు, స్కూటీ నేర్చుకోవడం. పొద్దటి డ్యూటీ పడ్డ ప్రతిరోజూ మా ఆయన నాలుగింటికి లేచి నన్ను డిపో దగ్గర దింపుతాడు. ఆయనది కరెంటు పని, రాత్రి పదింటికి ఇల్లు చేరిన రోజులు కూడా ఉంటాయి. పదహారేళ్లుగా దింపుతున్నాడు, ఒక్కరోజూ విసుక్కోలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

జనవరి పేజీ ఇప్పుడు చూస్తే కడుపులో దేవినట్టు ఉంటుంది. డైరీలో ప్రతి నెలకూ ముప్పై ఒక్క గళ్లు ఉన్న పట్టీ ఉంది. చేసిన రోజు గడి నింపాలి. పైన అచ్చు వేసిన మాట: "ఉదయం 5 గంటలకు లేచి నడక". ఐదింటికి నేను డిపోలో టిమ్ (టికెట్లు కొట్టే మిషను) తీసుకుంటూ ఉంటాను! అయినా పట్టుబట్టి చూశాను. మధ్యాహ్నం డ్యూటీ వారంలో ఆరు గళ్లు నిండాయి. పొద్దటి డ్యూటీ వారంలో ఏడూ ఖాళీ. ఆ తర్వాత వారం రెండు. ఖాళీ గళ్లు చూసీ చూసీ, ఇరవై రెండో తారీకున డైరీ తీసి బీరువాలో బట్టల కింద పెట్టాను. నాకు ఓపిక లేదు, పట్టుదల లేదు అనుకున్నాను. మనిషిని తప్పు పట్టే తీరులో ఉంటాయి ఆ గళ్లు. ఈ డైరీలో నాకు నచ్చని మొదటి విషయం ఇదే, పెద్దది కూడా ఇదే.

మళ్లీ బయటికి తీయించింది నెలాఖరు పేజీ. జీతం వచ్చిన రోజు, గొలుసు బాకీ ఎంత కట్టానో రాద్దామని తీస్తే ఆ పేజీ తెరుచుకుంది. బొమ్మలు లేవు, సూక్తులు లేవు. మూడే మూడు ప్రశ్నలు: ఏం జరిగింది? ఏం ఆగింది? ఎందుకు ఆగింది?

డైరీ మొత్తంలో 499 రూపాయలకు విలువ ఈ పేజీదే. ఇంకొంచెం చెప్పాలి దీని గురించి.

నేను చేరిన కొత్తలో టికెట్లు చేత్తో చింపి ఇచ్చేవాళ్లం. ప్రతి స్టేజీ దగ్గర ఏ రేటు టికెట్టు ఏ నంబరు దాకా అమ్మామో ఎస్సార్ షీటు మీద రాసి ఆ స్టేజీ క్లోజ్ చేయాలి. ఎంత రద్దీ అయినా సరే. స్టేజీ క్లోజ్ చేయకుండా ముందుకు పోతే, తర్వాతి స్టాపులో చెకింగ్ వాళ్లు ఎక్కితే మన దగ్గర జవాబు ఉండదు. తేడా ఎక్కడ వచ్చిందో మనకే తెలియదు. ఇప్పుడు మిషను లెక్క చూసుకుంటుంది గానీ ఆ అలవాటు చేతిలో ఉండిపోయింది. నెలాఖరు పేజీ చూడగానే నాకు ఎస్సార్ గుర్తొచ్చింది. ఇది స్టేజీ క్లోజ్ చేయడం. కాళేశ్వరం దాకా పోయే బస్సయినా లెక్క పరకాలలో ఒకసారి, భూపాలపల్లిలో ఒకసారి తేలాలి. కాళేశ్వరం చేరాక ఒకేసారి చూసుకుందాం అంటే కుదరదు.

"ఎందుకు ఆగింది" దగ్గర మొదట "బద్ధకం" అని రాశాను. రాశాక డ్యూటీ చార్టు పక్కన పెట్టి చూశాను. ఖాళీ గళ్లలో ఎక్కువ భాగం పొద్దటి డ్యూటీ రోజులే. బద్ధకం అయితే అన్ని వారాలూ ఒకేలా ఉండాలి కదా. ఆ మాట కొట్టేసి "టైము కుదరలేదు, చార్టు మారింది" అని రాశాను. నా మీద నాకున్న కోపం ఆరోజు సగం పోయింది.

ఫిబ్రవరి నుంచి నడకను గంటకు కట్టడం మానేసి పనికి ముడివేశాను. పొద్దటి డ్యూటీ అయితే: డిపోలో క్యాష్ కట్టి రసీదు చేతికి రాగానే, కూర్చోకుండా, యూనిఫాం మీదే ఇంటికి నడక. నలభై నిమిషాలు. మధ్యాహ్నం డ్యూటీ అయితే: బిడ్డ కాలేజీ బస్సు ఎక్కగానే అటు నుంచి అటే పబ్లిక్ గార్డెన్. వీక్లీ ఆఫ్ రోజు భద్రకాళి చెరువు బండ్. అప్పటికే ఆ చెరువు నీళ్లు వదిలేసి పూడిక తీస్తున్నారు. ఎండిన చెరువు పక్కన నడుస్తుంటే మొదట్లో మనసొప్పేది కాదు, తర్వాత అలవాటైంది. ఈ మూడు వాక్యాలూ ఒక చీటీ మీద రాసి డైరీ అట్ట లోపల అతికించాను. గళ్ల పట్టీలో రోజుల నంబర్లు కొట్టేసి డ్యూటీల పేర్లు రాసుకున్నాను.

మా బిడ్డకు ఇది చూసి ఉత్సాహం వచ్చింది. ఫోన్లో వెతికి చెప్పింది, దీని మీద పరిశోధనే ఉందట. పీటర్ గోల్విట్జర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాశాడు: "చేస్తాను" అనుకున్న వాళ్ల కన్నా "ఫలానాది జరగ్గానే ఫలానాది చేస్తాను" అని ముందే తేల్చుకున్న వాళ్లు ఎక్కువ నిలబడతారని. మరి ఇంత తెలిసిన సంగతి డైరీ వేసినవాళ్లు ఒక్క గీత గీసి ఇవ్వలేదు. "ఎప్పుడు? దేని తర్వాత?" అని రెండు ఖాళీలు పెడితే చాలు, ఆ కలల ఇల్లు పేజీ తీసేసినా నష్టం లేదు.

ఇంకో అచ్చు తప్పు కూడా బిడ్డే పట్టింది. ప్రతి నెల పట్టీ కింద "21 రోజులు చేస్తే అలవాటు అవుతుంది" అని ఉంటుంది. ఆ 21 అనేది మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో చెప్పిన మాట నుంచి వచ్చింది. ఆపరేషన్ అయినవాళ్లు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం అన్ని రోజులు పడుతుందని ఆయన గమనించింది. నడకకూ దానికీ పొంతన లేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమెతో పనిచేసినవాళ్లు 96 మందిని పన్నెండు వారాలు గమనించి 2010లో అచ్చు వేసిన పరిశోధనలో మధ్యస్థంగా 66 రోజులు తేలింది. ఒకరికి 18 రోజులకే అబ్బింది, ఇంకొకరికి 254 దాకా పట్టొచ్చని అంచనా. ఒకరోజు తప్పితే పెద్ద తేడా ఏమీ రాలేదట. ఈ చివరి ముక్క నాకు జనవరిలో ఎవరైనా చెప్పి ఉంటే డైరీ బీరువాలోకి పోయేది కాదు. నాకు క్యాష్ కట్టగానే కాళ్లు వాటంతట అవే గేటు వైపు తిరగడం ఏప్రిల్ చివర్లో మొదలైంది. డెబ్బై, ఎనభై రోజులు అనుకోండి.

డబ్బు పేజీ మన ఇళ్లు తెలిసినవాళ్లు వేసింది కాదు. ఆదాయం, ఖర్చు, పొదుపు అని మూడు గళ్లు. చిట్టీకి చోటు లేదు, వడ్డీకి లేదు, పెళ్లికి పెట్టే కట్నాలకు లేదు. ఎడమ పక్క ఖాళీలో నేనే గీత గీసుకుని నెలకు 9,000 చొప్పున గొలుసు బాకీ అని రాసుకున్నాను. జీతం పడిన రోజే, ఇంటికి రాకముందే కట్టాలి అనేది ఇక్కడ నా ముడి. ఆర్నెల్లు తప్పలేదు. జూలైలో బిడ్డ రెండో ఏడాది ఫీజు వచ్చి ఒక్క రూపాయి కట్టలేదు. ఆ నెలాఖరు పేజీలో "ఎందుకు ఆగింది: ఫీజు" అని రాసి, పక్కనే "ఆగస్టు 13,500, సెప్టెంబరు 13,500" అని రాశాను. ఆగిన చోటు రాయగానే అతుకు కూడా అక్కడే దొరికింది. చిట్టీ పాడిన డబ్బులో కొంత తీసి రెండు నెలలూ కట్టేశాను.

ఆ మధ్యలో బంగారం తులం లక్ష దాటింది. డిపోలో తోటి కండక్టర్ చెప్పింది: "అక్కా, అమ్మి బాకీ కట్టేయ్, ఇంకా చేతికి మిగుల్తయ్." లెక్క ప్రకారం ఆమె మాటలో తప్పు లేదు. కానీ నేను రాసుకున్నది బాకీ తీర్చడం కాదు, గొలుసు తెచ్చుకోవడం. డైరీ తీసి ఆ పేజీ మళ్లీ చదువుకున్నాను. "అమ్మ గొలుసు" అని నా చేత్తో రాసి ఉంది. మొదట్లో ఏ మాటతో రాస్తామో అది ఇలాంటి రోజున అక్కరకొస్తుంది. లక్ష్యం రాసేటప్పుడు అంకె ఒక్కటే రాయకండి, ఎవరిదో ఎందుకో కూడా రాయండి.

స్కూటీ సంగతి ఇంత సాఫీగా లేదు. ఫిబ్రవరి 20న ఎల్ఎల్ఆర్ (లెర్నింగ్ లైసెన్సు) తీసుకున్నాను. దానికి ఆరు నెలలే గడువు. ముప్పై రోజులు దాటాక టెస్టుకు పోవచ్చు. ఆదివారాలు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో మా ఆయన వెనక సీటు పట్టుకుని పరిగెత్తేవాడు. మే 15 నుంచి 26 దాకా కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు. పన్నెండు రోజులు స్పెషల్ బస్సులు, తిండికీ నిద్రకూ వేళ లేదు. ఆ రోజుల పేజీలన్నీ ఖాళీ, దానికి నాకు బాధ లేదు. జూన్‌లో మళ్లీ మొదలుపెట్టిన రెండో ఆదివారమే గ్రౌండులో పడ్డాను. మోకాలు చీరుకుపోయి నాలుగు కుట్లు. అప్పటి నుంచి ఏదో ఒక సాకు. జూన్ పేజీలో "దెబ్బ" అని రాశాను. జూలై పేజీలోనూ "దెబ్బ" అనే రాశాను, గాయం మానిపోయినా. ఆగస్టు 19న ఎల్ఎల్ఆర్ గడువు అయిపోయింది. ఆ నెలాఖరున పేజీ ముందు చాలాసేపు కూర్చుని "భయం" అని రాశాను. నలభై మూడేళ్ల వయసులో ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. రాశాక మా ఆయనకు చూపించాను. ఆయన చదివి, "ఇంత మాటకు ఆర్నెల్లెందుకు దాచినవ్? రేపటి సంది నేను వెనక కూసుంట, నువ్వే నడుపు," అన్నాడు.

అప్పటి దాకా ఆయన వెనక పరిగెత్తడమే, కూర్చోవడం లేదు. ఆయన బరువు వెనక ఉంటే బండి కుదురుగా ఉంది, నాకూ ధైర్యంగా ఉంది. సెప్టెంబరు 12న రెండో ఎల్ఎల్ఆర్. నవంబరు 18న టెస్టు పాసయ్యాను. డిసెంబరు 3న మొదటిసారి తెల్లవారుజామున ఒక్కదాన్నే డిపోకు నడుపుకుంటూ పోయాను. మంచు పట్టి రోడ్డు సరిగా కనపడలేదు. పది నిమిషాల దారికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ఆయన ఇంట్లో పడుకున్నాడో లేదో అడగలేదు, కానీ నేను చేరానని ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తాడు.

ఇక వస్తువు సంగతి. బైండింగు కుట్టినది కాదు, జిగురుతో అతికించినది. రోజూ బ్యాగులో చిల్లర సంచికీ టిమ్‌కీ మధ్య నలిగి ఆగస్టుకల్లా జూన్, జూలై పేజీలు ఊడి చేతికొచ్చాయి. నాలుగు చోట్ల రంధ్రాలు పొడిచి, పూలు గుచ్చే దారంతో కుట్టుకున్నాను. కాగితం పల్చన, జెల్ పెన్నుతో రాస్తే వెనక్కి దిగుతుంది. అక్టోబరు 29న మొంథా తుపాను వానకు మన ఊళ్లో కాలనీలకు కాలనీలు మునిగాయి కదా, ఆ రాత్రి నడుము లోతు నీళ్లలో ఇంటికి వచ్చాను, బ్యాగు తడిసింది. జెల్ పెన్నుతో రాసిన అక్టోబరు మొత్తం నీలం మరక అయింది. బాల్ పెన్నుతో రాసినవి అక్షరం చెదరలేదు. బాల్ పెన్నే వాడండి.

పండుగల పట్టికలో ఉగాది, సంక్రాంతి, వరలక్ష్మీ వ్రతం కూడా ఉన్నాయి గానీ సద్దుల బతుకమ్మ లేదు. తెలుగు డైరీ అని అమ్ముతూ, హనుమకొండలో అమ్ముతూ, బతుకమ్మ లేకపోవడం నాకు మనసుకు పట్టింది. సెప్టెంబరు 21న ఎంగిలిపూల నుంచి 30న సద్దుల దాకా అన్ని రోజులూ నేనే గుండ్రంగా చుట్టి రాసుకున్నాను. ఆడుతూ తిరిగిన ఆ గంటలన్నీ నడక కిందే వేసుకున్నాను, అది న్యాయమైన లెక్కే.

ఫలితాలు అడుగుతారు కాబట్టి: హెచ్‌బీఏ1సీ జూన్‌లో 6.1, డిసెంబరులో 5.8. డాక్టరు నడక ఆపొద్దన్నారు. రాత్రి అన్నం బదులు రెండు జొన్న రొట్టెలు తినడం కూడా ఇందులో ఉంది, నడక ఒక్కటే కాదు. డిసెంబరు 29న చివరి 9,000తో పాటు మిగిలిన వడ్డీ రెండు వేల చిల్లర కట్టి గొలుసు తెచ్చుకున్నాను. మొదటి పేజీలో కొట్టేసిన ఏడు లక్ష్యాల్లో ఒక్కటీ కాలేదు. టీ ఇంకా తాగుతూనే ఉన్నాను.

ఎవరు కొనొచ్చు? రోజూ ఒకే వేళకు లేచి, ఒకే వేళకు ఇంటికి వచ్చేవాళ్లకు ఇది ఉన్నది ఉన్నట్టే పనికొస్తుంది. షిఫ్టులు చేసేవాళ్లు, ఎంజీఎం ఆసుపత్రి నర్సులు, రైల్వే వాళ్లు, మాలాంటి వాళ్లు కొంటే మాత్రం మొదటి పన్నెండు పేజీలు వదిలేసి నెలాఖరు పేజీ నుంచి వాడడం మొదలుపెట్టండి. అయిదులో మూడు ఇస్తాను. కుట్టు బైండింగు వేసి, గళ్ల మీద రోజుల నంబర్లు లేకుండా వదిలేస్తే నాలుగున్నర ఇచ్చేదాన్ని.

2026ది షాపులో తిరగేశాను. బైండింగు అదే జిగురు. ధర యాభై పెరిగింది. ఈసారి కొనలేదు. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ తెచ్చి, ప్రతి పదహారో పేజీలో ఆ మూడు ప్రశ్నలు నా చేత్తో రాసుకున్నాను. పాతదాని అట్ట లోపలి చీటీ ఊడదీసి దీనికి అతికించాను. దానికి నాలుగో వాక్యం కూడా చేరింది: పొద్దటి డ్యూటీ అయితే, స్కూటీ డిపోలో వదిలి నడక, మర్నాడు నడుచుకుంటూ పోయి తెచ్చుకోవడం. రెండు వారాలుగా చూస్తున్నాను, మర్నాడూ పొద్దటి డ్యూటీయే పడితే ఇది కుదరడం లేదు. దీనికి ఇంకా అతుకు దొరకలేదు.

ఈ జనవరి 28 నుంచి 31 దాకా మేడారం జాతర. ముందూ వెనకా కలిపి ఎనిమిది రోజులు స్పెషల్ డ్యూటీ పడేలా ఉంది. ఆ ఎనిమిది రోజుల మీదా ఇప్పుడే అడ్డంగా ఒక గీత గీసి "జాతర" అని రాసేశాను. ఫిబ్రవరి 3 పక్కన "క్యాష్ కట్టగానే" అని రాసి ఉంది.